టెక్సాస్‌లో మెయిల్ బ్యాలెట్ దరఖాస్తులు పంచాలంటే: ఏది చేయొచ్చు, ఎక్కడ ఆగాలి

మీరు అడిగింది ఇది: డాలస్ పక్కన ఉన్న మీ తెలుగు సంఘం తరఫున గుడి దగ్గర ఒక బల్ల వేసి, 65 ఏళ్లు దాటిన పెద్దవాళ్లకు ఇంటి నుంచే ఓటేసే దరఖాస్తులు పంచాలనుకుంటున్నారు. 300 కాపీలు తీసి, పేరూ చిరునామా మీరే నింపి, సంతకాలు తీసుకుని, అన్నీ కట్టగట్టి కౌంటీ ఆఫీసులో ఇచ్చేస్తే ఏమైనా ఇబ్బందా? దసరా సంబరాల రోజు పెడదామని కమిటీ అంటోంది.

ఖాళీ దరఖాస్తులు పంచడం వరకు ఇబ్బంది లేదు. మీరు నింపడం, కట్టగట్టి ఇవ్వడం, దసరా రోజు పెట్టుకోవడం, ఈ మూడు చోట్లా ఆగాలి. ఖాళీ కాగితం చేతికిచ్చినంత సేపు చట్టం మీ జోలికి రాదు. ఆ కాగితం మీద మీ కలం పడ్డ క్షణం నుంచి మీ పేరూ చిరునామా కూడా అందులో ఉండాల్సి వస్తుంది. కింద రాసినదంతా టెక్సాస్‌కు, ఈ నవంబరు 3, 2026 ఎన్నికకు సంబంధించినది.

మొదట ఎవరు పంచొచ్చు అన్నది చూద్దాం. 2020లో హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీ క్లర్క్ క్రిస్ హాలిన్స్, కౌంటీలో నమోదైన 20 లక్షల మందికి పైగా ఓటర్లందరికీ అడగకుండానే దరఖాస్తులు పంపబోయారు. ఆ అధికారం కౌంటీ క్లర్కుకు లేదని రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ అక్టోబరులో ఆపేసింది. మరుసటి ఏడాది వచ్చిన ఎస్‌బీ 1 (సెనేట్ బిల్లు 1) అనే రాష్ట్ర చట్టం దాన్ని శాశ్వత నిషేధంగా మార్చింది. ప్రభుత్వ అధికారి ఎవరైనా తన హోదాలో ఉండి, అడగనివాళ్లకు దరఖాస్తు ఇస్తే అది స్టేట్ జైల్ ఫెలనీ, అంటే 180 రోజుల నుంచి రెండేళ్ల వరకు జైలు, పది వేల డాలర్ల దాకా జరిమానా. రాజకీయ పార్టీలకూ అభ్యర్థులకూ మాత్రం అడగనివాళ్లకు కూడా ఇచ్చుకోవచ్చని చట్టంలోనే రాసి ఉంది. ప్రైవేటు సంఘాల మీద ఈ నిషేధం లేదు.

అయితే మీ సంఘానికి తగిలే కొస ఒకటుంది. ఇంకొకరు దరఖాస్తులు పంచడానికి ప్రభుత్వ సొమ్ము వాడటం కూడా ఇదే చట్టం కింద నిషిద్ధం. మీకు సిటీ నుంచి పండగలకో, సాంస్కృతిక కార్యక్రమాలకో గ్రాంటు వస్తుంటే, జిరాక్స్ ఖర్చు, బల్ల అద్దె, తపాలా బిళ్లలు ఆ ఖాతాలోంచి పోకూడదు. సభ్యుల చందా డబ్బుతో చేయండి, రసీదు విడిగా పెట్టుకోండి. పండక్కి వచ్చిన సిటీ కౌన్సిల్ మెంబరు చేతికి కట్ట ఇచ్చి 'మీరే పంచండి సార్' అని ఫొటో తీయించుకోవద్దు. ఆయన అదే హోదాలో అది చేస్తే ఆయన మెడకు చుట్టుకుంటుంది. మెయిల్ ఓటు ఎలా వేస్తారో, గడువు ఎప్పుడో మైకులో చెప్పడం సాధారణ సమాచారం, దానికి మినహాయింపు ఉంది.

మీలో ఓటరు నమోదు వాలంటీర్లుగా, అంటే వాలంటీర్ డెప్యూటీ రిజిస్ట్రార్లుగా కౌంటీ నియమించినవాళ్లు ఉంటే వాళ్లకు ఒక సందేహం వస్తుంది: 'నేనూ అధికారినేనా?' ఈ నిబంధన కింద కాదని 2022లో టెక్సాస్ సుప్రీంకోర్టు తేల్చింది.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయం. గుడికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లు. పిల్లల దగ్గర పదిహేనేళ్లుగా ఉంటారు, మెడికేర్ ఉంటుంది, డ్రైవింగ్ లైసెన్సు ఉంటుంది, 'మేమూ ఇక్కడివాళ్లమే' అనుకుంటారు. సిటిజన్ కానివాళ్లు ఫెడరల్ ఎన్నికలో ఓటేస్తే అది నేరం, పైగా దేశం నుంచి పంపేయడానికీ అదే కారణం అవుతుంది. తెలియక సంతకం చేశామన్న మాట తర్వాత సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో నిలబడుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. అందుకని బల్ల దగ్గర మొదటి ప్రశ్న వయసు కాదు. 'అమ్మా, మీకు అమెరికా పాస్‌పోర్టు గానీ సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ గానీ ఉందా?' అని అడగండి. లేదంటే కాగితం ఇవ్వకండి. మొహమాటపడి ఇచ్చి పంపితే ఇంట్లో మనవడు సరదాగా నింపేసే ప్రమాదం ఉంటుంది. అలాగే ఓటరుగా నమోదు చేసుకునే ఫారం, మెయిల్ బ్యాలెట్ దరఖాస్తు, ఈ రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టొద్దు. నమోదు కానివాళ్లు మెయిల్ బ్యాలెట్ దరఖాస్తు పంపి 'మా పని అయిపోయింది' అనుకుంటారు. నమోదుకు ఈసారి ఆఖరి రోజు అక్టోబరు 5. హెచ్1బీ మీద ఉన్న మీ వాలంటీర్లు ఖాళీ ఫారాలు చేతికివ్వొచ్చు గానీ డెప్యూటీ రిజిస్ట్రార్లు కాలేరు, దానికి ఓటరు అర్హతలు ఉండాలి.

టెక్సాస్‌లో కోరిన ప్రతివారికీ మెయిల్ ఓటు ఇవ్వరు. ఎన్నిక రోజుకు 65 నిండాలి, అంటే ఈసారి నవంబరు 3, 1961న గానీ అంతకుముందు గానీ పుట్టి ఉండాలి. ఇవాళ్టికి 64 ఉన్నా ఆ రోజుకు నిండితే చాలు. లేదా పోలింగ్ కేంద్రానికి వెళితే ఎవరో ఒకరి సాయం కావాల్సి వచ్చేంత, ఆరోగ్యం దెబ్బతినేంత అనారోగ్యమో వైకల్యమో ఉండాలి. ఎన్నికకు మూడు వారాలు అటూఇటూగా కాన్పు ఉన్నవాళ్లకూ అర్హత ఉంది. ముందస్తు ఓటింగ్ రోజుల్లోనూ, ఎన్నిక రోజునా కౌంటీలోనే లేనివాళ్లకు ఉంది. జైల్లో ఉండి ఓటు హక్కు పోనివాళ్లకు, మరో ఒకటి రెండు అరుదైన కోవలకు కూడా ఉంది. కారు లేదు, ఆఫీసుకు సెలవు దొరకదు అన్నవి కారణాలు కావని చట్టంలోనే రాశారు. కోవిడ్‌కు రోగనిరోధక శక్తి లేకపోవడం ఒక్కటే వైకల్యం కిందకు రాదని 2020 మేలో టెక్సాస్ సుప్రీంకోర్టు చెప్పింది. 50 ఏళ్ల ఆరోగ్యవంతుడు వచ్చి 'డిజెబిలిటీ గడిలో టిక్కు పెడితే పోలా' అంటే మీరు ఆ మాటకు తలూపకూడదు. తప్పని తెలిసి సమాచారం రాసినవారికీ, కావాలని రాయించినవారికీ ఇద్దరికీ అది స్టేట్ జైల్ ఫెలనీయే.

ఇక కలం సంగతి. దరఖాస్తు అడుగున ఒక గడి ఉంటుంది. ఓటరుకు నింపడంలో సాయం చేసినవారు గానీ, ఓటరు తరఫున దాన్ని పోస్టు చేసినవారు గానీ ఆ గడిలో సంతకం పెట్టి, పేరు అచ్చు అక్షరాల్లో రాసి, ఇంటి చిరునామా ఇవ్వాలి. చాలామంది చదవకుండా వదిలేసే గడి ఇది. సంఘాల వాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేదీ ఇక్కడే. మీరు పేరు రాసిపెట్టినా సాయమే. ఓటరు మొత్తం నింపుకుని, కవరు మూసి, 'బాబూ, దారిలో డబ్బాలో వెయ్యి' అని ఇస్తే, డబ్బాలో వేసిన మీరు కూడా ఆ గడిలో ఉండాలి. తెలిసి ఈ గడి ఖాళీగా వదిలితే క్లాస్ ఏ మిస్‌డిమీనర్ (ఫెలనీ కంటే చిన్న నేరం), ఏడాది వరకు జైలు, నాలుగు వేల డాలర్ల వరకు జరిమానా. దగ్గరి బంధువులకూ అదే ఇంట్లో ఉండేవాళ్లకూ ఈ శిక్ష నుంచి మినహాయింపు ఉంది గానీ, కొడుకైనా కోడలైనా గడి నింపడమే మంచిది. అర నిమిషం పని. ఓటరుకు తెలియకుండా, ఒప్పుకోకుండా దరఖాస్తు పంపినా, ఓటరు రాసినదాన్ని అడగకుండా దిద్దినా ఫెలనీ. ఓటరు పుట్టిన తేదీ తప్పు రాశారని వైట్‌నర్ పెట్టి మీరు సరిచేయడం ఈ కిందకే వస్తుంది. కొత్త ఫారం ఇవ్వండి.

సాయం చేసేవారికి ఇన్ని ఫారాలే అన్న పరిమితి లేదు. సాక్షికి ఉంది. ఈ తేడా మీ వాలంటీర్లందరికీ కంఠతా రావాలి. చదువు రాక గానీ, చేతులు వణికి గానీ సంతకం పెట్టలేని పెద్దావిడ వచ్చారనుకోండి. ఆవిడ మీ ముందు ఒక గుర్తు పెడతారు, మీరు సాక్షిగా సంతకం చేస్తారు. ఆ ఎన్నికకు మీ సాక్షి కోటా అంతటితో అయిపోయింది. పావుగంట తర్వాత మరో తాతగారు వచ్చి అదే అడిగితే, ఆయన మీ తండ్రో, తాతో, భర్తో, కొడుకో, అన్నదమ్ముడో అయితే తప్ప మీరు సంతకం పెట్టకూడదు. పెడితే క్లాస్ బీ మిస్‌డిమీనర్, 180 రోజుల వరకు జైలు, రెండు వేల డాలర్ల వరకు జరిమానా. కాబట్టి బల్ల దగ్గర 'సాక్షి' అని ఒకరినే కూర్చోబెట్టి అందరికీ ఆయన చేతే పెట్టించడం అనే ఏర్పాటు పొరపాటున కూడా వద్దు. సంతకం పెట్టలేని వారిని వాళ్ల ఇంట్లోని మనిషి సాక్షిగా ఉండేలా ఇంటికే పంపించండి.

సంతకం సిరాతో కాగితం మీదే ఉండాలి. ఫోన్‌లో వేలితో గీసినది, ఫొటో తీసి అతికించినది చెల్లదు. ఖాళీ ఫారాన్ని ఎన్ని కాపీలైనా తీయొచ్చు, సంతకం ఉన్నదాన్ని కాపీ తీసి పంపితే తిరస్కరిస్తారు.

ఎస్‌బీ 1 తెచ్చిన మరో ముఖ్యమైన గడి గుర్తింపు నంబరుది. లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర శాఖ డీపీఎస్ (డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ) ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్సు లేదా ఐడీ కార్డు నంబరు రాయాలి. అది లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగంకెలు. రెండూ లేకపోతే లేవన్న గడిలో టిక్కు. ఎక్కడ బెడిసికొడుతుందంటే, పదేళ్ల కిందట ఓటరుగా నమోదైనప్పుడు సోషల్ నంబరు ఇచ్చి ఉంటారు, ఇప్పుడు లైసెన్సు నంబరు రాస్తారు, కౌంటీ రికార్డులో ఆ లైసెన్సు నంబరు ఉండదు, రెండూ కలవవు. ఈ నిబంధన మొదటిసారి పెద్ద ఎత్తున అమలైన 2022 మార్చి ప్రైమరీలో రాష్ట్రం మొత్తం మీద మెయిల్ బ్యాలెట్లలో సుమారు 12 శాతం తిరస్కరణకు గురయ్యాయి. ఎక్కువ భాగం ఈ నంబర్ల గొడవే. రెండు నంబర్లూ ఉంటే రెండూ రాయమని ప్రతివారికీ చెప్పండి. తర్వాత ఇంటికి బ్యాలెట్ వచ్చినప్పుడు, తిరిగి పంపే కవరు మడత కింద ఇదే గడి మళ్లీ ఉంటుందని, అక్కడా రెండూ రాయాలని ఇప్పుడే చెప్పేయండి. దరఖాస్తులో నంబరు కలవకపోతే కౌంటీ నుంచి నోటీసు వస్తుంది, రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైటులోని బ్యాలెట్ ట్రాకర్‌లో సరిదిద్దుకోవచ్చు. ఈ నంబర్లను మీ వాలంటీర్లు నోట్‌బుక్‌లోనో ఎక్సెల్‌లోనో ఎక్కించుకోవద్దు. ఎవరెవరికి ఫారం ఇచ్చారో గుర్తుంచుకోవాలంటే పేరూ ఫోన్ నంబరూ చాలు.

బ్యాలెట్ ఎక్కడికి రావాలన్న గడి కూడా జాగ్రత్తగా చూడాలి. 65 దాటినవాళ్లు ఓటరు కార్డులో ఉన్న ఇంటి లేదా పోస్టు చిరునామాకే తెప్పించుకోవాలి. లేదా ఆసుపత్రి, వృద్ధాశ్రమం, లేదా బంధువు ఇల్లు, అయితే బంధుత్వం ఏమిటో రాయాలి. పెద్దకొడుకు ఇంటి చిరునామాతో నమోదై, ఇప్పుడు చిన్నకూతురి దగ్గర ఉంటున్న అమ్మానాన్నలకు ఈ గడి బాగా పనికొస్తుంది. స్నేహితుల ఇల్లు కుదరదు. కౌంటీలో ఉండనన్న కారణంతో అడిగేవాళ్లకు బ్యాలెట్ కౌంటీ బయటి చిరునామాకే వెళుతుంది. ఆ రోజుల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండబోయే సిటిజన్లకు మరో దారి ఉంది. విదేశాల్లో ఉన్న ఓటర్ల కోసం ఫెడరల్ పోస్ట్‌కార్డ్ అప్లికేషన్ అనే వేరే ఫారం ఉంటుంది. దానితో బ్యాలెట్‌ను ఈమెయిల్లో కూడా తెప్పించుకోవచ్చు. ఇండియాకు తపాలా వెళ్లి వచ్చే రోజులు లెక్కేస్తే వాళ్లకు అదే మేలు. మీ బల్ల మీద ఆ ఫారం కూడా ఓ పది ఉంచండి.

65 దాటినవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు 'ఏడాది మొత్తానికి' అన్న గడిలో టిక్కు పెడితే ఆ క్యాలెండర్ సంవత్సరంలో వచ్చే ఎన్నికలన్నింటికీ ఆ ఒక్క దరఖాస్తే సరిపోతుంది. డిసెంబరు 31తో దాని ఆయువు తీరిపోతుంది. 'పోయిన ఎన్నికకు పంపాం కదా, మళ్లీ ఎందుకు' అనేవాళ్లకు ఇది విడమరిచి చెప్పాలి. ఈ ఏడాదిలో ముందే పంపినవాళ్లు మళ్లీ పంపనక్కర్లేదు, ట్రాకర్‌లో చూసుకుంటే చాలు.

పంపించడం. ఓటరు పోస్టులోనో కొరియర్‌లోనో పంపొచ్చు. ఫ్యాక్స్, ఈమెయిల్ కూడా చెల్లుతాయి, అయితే సిరా సంతకం ఉన్న అసలు కాగితం నాలుగు పనిదినాల్లోగా పోస్టులో కౌంటీకి చేరాలి. నేరుగా ఆఫీసుకు తీసుకెళ్లి ఇవ్వాలంటే ఓటరు స్వయంగా ఇవ్వాలి. మీరు 300 పట్టుకెళ్లి కౌంటరులో పెట్టే పద్ధతి చట్టంలో లేదు. ఎవరి కవరు వాళ్లకు, ఎవరి తపాలా బిళ్ల వాళ్లకు. కవరు మీద ముందే చిరునామా ముద్రిస్తే ఈ దరఖాస్తులు తీసుకునే అధికారి, అంటే కౌంటీ ఎర్లీ ఓటింగ్ క్లర్కు చిరునామానే ముద్రించండి, మీ సంఘం ఆఫీసు చిరునామా కాదు. మధ్యలో మీ దగ్గర ఆగిన ప్రతి రోజూ ఓటరు గడువులోంచి పోయేదే.

ఏ కౌంటీ అన్నది ఊరి పేరు చూసి నిర్ణయించొద్దు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. ఆస్టిన్ దగ్గర రౌండ్ రాక్ విలియమ్సన్, ట్రావిస్ కౌంటీల్లోకి పరుచుకుంది. హ్యూస్టన్ దగ్గర కేటీ అయితే మూడు కౌంటీల్లో ఉంది. ఒకే గుడికి వచ్చే ఇద్దరు పక్కపక్క వీధులవాళ్లకు వేర్వేరు ఆఫీసులు ఉండొచ్చు. ఓటరు కార్డు మీద కౌంటీ పేరు ఉంటుంది, అది చూపించమనండి. కవర్లు రెండు రంగుల్లో ముద్రిస్తే తికమక తగ్గుతుంది. తపాలా శాఖవారి 'అఫీషియల్ ఎలక్షన్ మెయిల్' గుర్తు మాత్రం కవరు మీద వేయకండి, అది ఎన్నికల అధికారులకే.

గడువు ఎన్నికకు ముందు పదకొండో రోజు. ఈసారి అక్టోబరు 23, శుక్రవారం. ఆ రోజుకు పోస్టు ముద్ర పడితే చాలదు, కౌంటీ ఆఫీసుకు చేరి ఉండాలి. దసరా ఈసారి అక్టోబరు 20. ఆ రోజు మీరు కాగితం ఇస్తే, ఇంటికెళ్లి నింపి, మర్నాడు డబ్బాలో వేస్తే, మూడో రోజుకల్లా చేరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. బతుకమ్మ ఆటలూ ఆ వారం పది రోజుల్లోనే. వినాయక చవితి సెప్టెంబరు 14న ఉంది, అప్పుడు పెట్టండి. చవితి పందిరి దగ్గర ఇచ్చి, అక్టోబరు మొదటి వారంలో 'ట్రాకర్‌లో పేరు వచ్చిందా' అని ఫోన్ చేసి అడిగితే, తప్పులు సరిదిద్దుకోవడానికి కూడా టైముంటుంది. పంచడం కంటే ఆ ఫోన్లే ఎక్కువ ఓట్లు కాపాడతాయని నా అభిప్రాయం.

తినుబండారాల విషయం కూడా కమిటీలో ముందే తేల్చుకోండి. గుడి ప్రసాదం అందరికీ పెడితే ఇబ్బంది లేదు. 'ఫారం నింపినవాళ్లకు బిర్యానీ కూపన్', 'లక్కీ డ్రా' అన్నారంటే ఫెడరల్ చట్టం అడ్డొస్తుంది. నమోదుకు గానీ ఓటుకు గానీ డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం నేరం, ఐదేళ్ల వరకు జైలు, పది వేల డాలర్ల దాకా జరిమానా. ఓటు అన్న మాటలో ఓటు చెల్లడానికి ముందు చేయాల్సిన పనులు కూడా కలిసి ఉంటాయి. డబ్బు విలువ చేసే ఏ వస్తువైనా ఆ కోవలోకే రావొచ్చు. మీ సంఘం 501సీ3 కింద పన్ను మినహాయింపు పొందినదైతే, ఆ బల్ల మీద ఏ అభ్యర్థి కరపత్రమూ ఉండకూడదు, మన తెలుగు అభ్యర్థి అయినా సరే. ఎవరికి ఓటేస్తారని అడగకూడదు, అడిగి మరీ ఫారం ఇవ్వకూడదు.

ఫారం ఇంగ్లీషు, స్పానిష్‌లలో ఉంటుంది. గడులన్నీ తెలుగులో వివరించే ఒక పేజీ మీరు తయారుచేసి పక్కన పెడితే చాలా ఉపయోగం, ఇవ్వాల్సిన ఫారం మాత్రం అధికారికమైనదే ఇవ్వండి. చూపు లేక, వైకల్యం వల్ల, లేదా చదవడం రాక సాయం కావాల్సినవారు తమకు నచ్చిన మనిషిని పెట్టుకోవచ్చని 1965 నాటి ఓటింగ్ హక్కుల చట్టంలోని 208వ సెక్షన్ చెబుతుంది. యజమాని, యజమాని తరఫు మనిషి, యూనియన్ ప్రతినిధి మాత్రం కాకూడదు. విలియమ్సన్ కౌంటీలో బెంగాలీ మాట్లాడే ఒక ఓటరుకు సొంత కొడుకు దుబాసీగా ఉండటానికి వీల్లేదని పోలింగ్ కేంద్రంలో అడ్డుకుంటే, కేసు ఐదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దాకా వెళ్లింది. ఆ ఆంక్ష ఈ సెక్షన్‌కు విరుద్ధమని 2017లో కోర్టు తీర్పిచ్చింది. తెలుగువాళ్లకూ అదే వర్తిస్తుంది.

ఇదంతా టెక్సాస్ లెక్క. అట్లాంటాలోని మీ స్నేహితులు ఇదే కాగితం చూసి నడవొద్దు. జార్జియాలో 2021లో వచ్చిన ఎస్‌బీ 202, బయటి సంఘాలు ఓటరు వివరాలు ముందే నింపిన దరఖాస్తులు పంపకూడదని రాసింది, ఇప్పటికే దరఖాస్తు చేసినవారికి మళ్లీ పంపితే ఒక్కోదానికి 100 డాలర్ల జరిమానా పెట్టింది. కాన్సస్ కూడా అదే ఏడాది ముందే నింపిన ఫారాల మీద నిషేధం పెట్టింది. రాష్ట్రం దాటితే నియమం మారుతుంది.

గడువు తప్పిన పెద్దవాళ్లు ఎలాగూ కొందరు మిగులుతారు. ముందస్తు ఓటింగ్ అక్టోబరు 19న మొదలవుతుంది. నడవలేనివారు పోలింగ్ కేంద్రం బయట కారులోనే కూర్చుని ఓటేయొచ్చు, దాన్నే కర్బ్‌సైడ్ ఓటింగ్ అంటారు. గుడి వ్యాన్‌లో తీసుకెళదామనుకుంటే, ఒకే విడతలో ఏడుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కర్బ్‌సైడ్ ఓటర్లను తెచ్చిన డ్రైవరు అక్కడ ఒక ఫారం నింపి సంతకం పెట్టాలి. ఆ ఫారం పోలింగ్ కేంద్రంలోనే ఇస్తారు. వ్యాన్ నడిపే అబ్బాయికి ముందురోజే చెప్పి ఉంచండి.